మన్నేపల్లి లక్ష్మీకాంతం

మన్నేపల్లి లక్ష్మీకాంతం ఉత్ప్రేరక రసాయన శాస్త్రంలో పేరుపొందిన శాస్త్రవేత్త. హైదరాబాదు తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)కు సంచాలకులైన తొలి మహిళ. ఈమె కురుక్షేత్ర విశ్వవిద్యాలయం నుండి పిహెచ్.డి. పట్టా పొందారు.

పరిశోధన

తాను తరగకుండా రసాయన చర్య వేగాన్ని పెంచే పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటారు. అది ద్రావణంలో కరిగి ఉంటే, చర్య ముగిశాక వేరుచేయడం కష్టం. పల్లేడియం వంటి ఖరీదైన లోహం వృథా కావడమే కాక, తయారైన మందులో మిగిలిపోయే ప్రమాదమూ ఉంది. ఘనపదార్థంపై నిలిపిన ఉత్ప్రేరకాన్నైతే వడకట్టి మళ్ళీ వాడుకోవచ్చు. దీనిని విజాతీయ ఉత్ప్రేరణ అంటారు. ఈమె పరిశోధనలు ప్రధానంగా ఈ దిశలోనే సాగాయి.

క్లోరోబెంజీను చవకైన ముడిపదార్థం. కాని అందులోని కార్బన్-క్లోరిన్ బంధం బలమైనది కనుక అది సులభంగా చర్యలో పాల్గొనదు. దానిని చర్యకు లొంగదీయడానికి సాధారణంగా పల్లేడియంతో పాటు ఫాస్ఫీన్ లైగాండ్లను వాడతారు. బోయపాటి మనోరంజన్ చౌదరి బృందంలో ఈమె సహరచయితగా 2002లో అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రికలో వెలువడిన వ్యాసం మరో మార్గం చూపింది. మెగ్నీషియం, అల్యూమినియంల పొరల హైడ్రాక్సైడుపై పల్లేడియం నానోకణాలను నిలిపారు. ఆ ఆధారానికున్న క్షారగుణమే లైగాండ్ల పని చేసింది.

ఈ కోవకు చెందిన పల్లేడియం చర్యలకు గాను హెక్, నెగిషి, సుజుకిలకు 2010లో నోబెల్ బహుమతి లభించింది.

2005లో ఇదే బృందం పల్లేడియంకు బదులు చవకైన రాగిని ఎన్నుకొన్నది. ఎముకలలోని ఖనిజాన్ని పోలిన అపటైటులో రాగిని చేర్చి, కార్బన్-నైట్రోజన్ బంధాలను ఏర్పరచింది.