దిగులు కారణమా, ఫలితమా?

రొమ్ము కాన్సర్ వచ్చిన స్త్రీల ఆందోళనకూ దిగులుకూ ఆక్యుపంక్చర్ పనిచేస్తుందని వాదించేవాళ్లు తరచు దాని వయసునే సాక్ష్యంగా తెస్తారు. రెండు వేల ఏళ్లు నిలిచిన వైద్యం వట్టిదవుతుందా అంటారు. సూది పాతదే. ఈ పనికి దాన్ని వాడడం మాత్రం కొత్త. చైనా వైద్యానికి మూలగ్రంథమైన హువాంగ్‌డీ నైజింగ్ తొమ్మిది రకాల సూదులను వర్ణించింది. భయం, దుఃఖం, కోపం ఏ అవయవాన్ని దెబ్బతీస్తాయో కూడా చెప్పింది. మనసును ఆనాడే పట్టించుకున్నారు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, కానీ ఎలా పట్టించుకున్నారన్నదే అసలు విషయం. 14వ శతాబ్దపు వైద్యుడు ఝూ దాన్‌షీ రొమ్ములో రాయిలా గట్టిపడే గడ్డ గురించి రాస్తూ, భర్త ఆదరణకు నోచుకోని స్త్రీలో బాధా కోపమూ ఏళ్ల తరబడి పేరుకుని ఆ గడ్డ కడుతుందన్నాడు. దానికి ఆయన వాడిన మందుల్లో నారింజ జాతి పచ్చికాయ తొక్క ఒకటి. అక్కడ దిగులు జబ్బుకు కారణం. జబ్బు తెచ్చిపెట్టిన బాధ కాదు. ‘మనసులో పెట్టుకుని కుమిలిపోయావు, అందుకే వచ్చింది’ అని రోగినే దోషిగా నిలబెట్టే మాటకు అంత పాత వేరు ఉంది. పాతదనాన్ని నెత్తికెత్తుకుంటే ఈ నిందను కూడా మోయాల్సి వస్తుంది.

పైగా ఆ రెండు వేల ఏళ్లూ ఒకే తీరున సాగలేదు. 1822లో చైనా రాజాస్థాన వైద్యశాలలో సూదివైద్యాన్ని చక్రవర్తే నిషేధించాడు. ఇప్పుడు వాడే సన్నసూదుల పద్ధతి 1930ల్లో చెంగ్ దాన్‌ఆన్ వంటివారి సంస్కరణతో రూపుదిద్దుకున్నది. 1971లో బీజింగ్‌లో అపెండిక్స్ ఆపరేషన్ చేయించుకున్న అమెరికన్ పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్ రాసిన వ్యాసం అమెరికాలో సంచలనం రేపింది. ఆయనకు ఆపరేషన్ మామూలు మత్తుమందుతోనే జరిగింది, సూదులు గుచ్చింది ఆ తర్వాతి నొప్పికి. జనం గుర్తుంచుకున్నది మాత్రం సూదులతోనే ఆపరేషన్ జరిగిందని. 1997లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సభ కాన్సర్ రోగుల విషయంలో ప్రధానంగా ఒప్పుకున్నది కీమోథెరపీ వాంతులకు ఆక్యుపంక్చర్ ఉపయోగాన్ని. మనసు సంగతి ఆ తర్వాత వచ్చింది.

నకిలీ సూదులతోనూ దాదాపు అంతే మేలు కలుగుతోంది కదా, మరి అసలు సూదులు ఎందుకన్న అభ్యంతరాన్ని తేలిగ్గా తీసేయలేం. హార్మోన్ చికిత్స మాత్రల వల్ల కీళ్లనొప్పులు వచ్చిన 226 మంది రొమ్ము కాన్సర్ రోగులపై జరిపి 2018లో ప్రచురించిన పరీక్షలో, అసలు సూదికీ పైపైన గుచ్చిన సూదికీ తేడా నొప్పిని లెక్కించే పది అంకెల కొలతపై ఒక అంకె కూడా లేదు. అయినా ప్రమాదం తక్కువైన చికిత్సతో కొద్దిపాటి ఉపశమనం దొరికినా రోగికి అది చిన్న విషయం కాదు. 2023లో అమెరికా కాన్సర్ వైద్యుల సంఘం, సమీకృత కాన్సర్ వైద్య సంఘం కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు అందుకే ఆచితూచి మాట్లాడాయి: చికిత్స ముగిశాక ఆందోళన ఉంటే ఆక్యుపంక్చర్ వాడవచ్చన్నాయి, ఆందోళనకైనా దిగులుకైనా పెద్దపీట మాత్రం మైండ్‌ఫుల్‌నెస్ సాధనకే వేశాయి. సూది వేయించుకోదలచినవారు ముందు తమ కాన్సర్ డాక్టరుకు చెప్పండి. రక్తకణాలు తగ్గి ఉన్నా, చేయి వాచి ఉన్నా ఆ మాట సూది వేసేవారికీ తెలియాలి.