తీగ వెంట నడిచినవాళ్లు

"రోజంతా ఆ బూడిదరంగు మరకల్లో ఏం వెతుకుతావమ్మా?" అని నాన్న అడుగుతుంటారు. ఈగ మెదడులోని నాడీకణాల తీగలు, నాన్నా. కంప్యూటరు ముందే గీసిపెట్టిన తీగ ఎక్కడ తెగిందో, ఎక్కడ పక్కదానితో అతుక్కుపోయిందో చూసి దిద్దడం నా ఉద్యోగం. ఈ పనిని మొదట చేతులతో చేసినవాళ్లంటే నాకు గురుభావం.

1963లో కేంబ్రిడ్జ్‌లో జీవశాస్త్రవేత్త సిడ్నీ బ్రెన్నర్ ఇక పిండాభివృద్ధి వైపు, నాడీమండలం వైపు మళ్లుదామని తన ప్రయోగశాల అధిపతి మాక్స్ పెరుట్జ్‌కు ఉత్తరం రాశాడు. తర్వాత సి. ఎలిగాన్స్ అనే పురుగును పట్టుకున్నాడు. పొడవు ఒక్క మిల్లీమీటరు, ఒళ్లంతా పారదర్శకం. దాని నరాల అల్లిక మొత్తం గీయాలన్నది సంకల్పం.

పురుగును గట్టి రెసిన్‌లో పొదిగి, సుమారు 50 నానోమీటర్ల మందాన కోస్తూ పోవాలి. తల వెంట్రుక మందంలో అలాంటి పొరలు వెయ్యికి పైనే వస్తాయి. కోసిన పొరలు ఒకదాని వెనక ఒకటి నీటి మీద రిబ్బనులా తేలతాయి. వాటిని ఎత్తేటప్పుడు ఒక్కటి మడత పడినా ఆ చోట తీగ ఆచూకీ పోతుంది. ఆ కోతపని నికల్ థామ్సన్‌ది. ప్రతి పొరనూ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఫొటో తీశాక, ఒక ఫొటోలోని చుక్క తర్వాతి ఫొటోలో ఎక్కడికి జరిగిందో వెతికి అదే పేరు రాయాలి. ఏళ్ల తరబడి అలా రాసిన మనిషి ఐలీన్ సౌత్‌గేట్.

అసలు జాన్ వైట్‌ను చేర్చుకున్నదే ఈ పని కంప్యూటరు చేత చేయించడానికి. అప్పటి యంత్రాలకు అది చేతకాలేదు. చివరికి కాగితమూ సిరాయే దిక్కయ్యాయి. ఒకే పురుగు పూర్తిగా దొరకక, కొన్ని పురుగుల భాగాలు జోడించి పటం పూర్తిచేశారు. 1986లో 340 పేజీల వ్యాసం వచ్చింది. అందులో 302 నాడీకణాలు, ప్రతిదానికీ ఒక పేరు. రచయితల వరస వైట్, సౌత్‌గేట్, థామ్సన్, ఆఖరున బ్రెన్నర్. కోసినవాళ్లను, గీసినవాళ్లను ముందు నిలిపిన ఆ వరస నాకెంతో ఇష్టం.

ఇలాంటి పటానికి 'కనెక్టోమ్' అన్న పేరు 2005లో గానీ రాలేదు. 2024లో ప్రిన్స్‌టన్ కేంద్రంగా సాగిన ఫ్లైవైర్ బృందం ఆడ పండు ఈగ మెదడు పటం ప్రకటించింది. అందులో 1,39,255 నాడీకణాలు, దాదాపు 5 కోట్ల సంధులు. తీగలను మొదట కృత్రిమ మేధే విడదీసింది. అయినా మనుషులు దిద్దిన కాలం లెక్కేస్తే ఒక్కరికి ముప్పై ఏళ్ల పైమాటే.

మనిషి చెయ్యి ఇంకా ఎందుకు కావాలో మొన్న మళ్లీ తెలిసొచ్చింది. ఒక తీగ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ చోట పొర మీద నల్లటి మడత. యంత్రం అక్కడితో చాలించుకుంది. మౌస్ చక్రం తిప్పుతూ మడతకు ముందు నాలుగు పొరలు, తర్వాత నాలుగు పొరలు ఇటూ అటూ చూశాను. అవతల రెండు మొనలున్నాయి. ఏది మనది? మెదడు రెండో వైపునున్న జంటకణాన్ని పక్కన తెరిచాను. దాని కొమ్మ సరిగ్గా ఆ చోట కిందికి వంగింది. ఇక్కడా కిందికి వంగిన మొననే పట్టుకుని కలిపాను.