వ్రేలికందు అక్షరములు

ఆరవ నిజాము మహబూబ్ అలీఖానునకు ఆంతరంగిక సేవకుడై యుండిన ఆల్బర్ట్ ఆబిద్ అను ఆర్మీనియను పెట్టిన అంగడి పేరు హైదరాబాదులో ఒక పేటకే పేరై నిలిచినది. ఆ ఆబిడ్సునుండి, 1907లో వెలసిన నాంపల్లి రైలు స్టేషను దనుక, శుభలేఖలు బేరమాడువారు కన్నులకంటె ముందు వ్రేళ్లతో పరీక్షించు ఉబ్బెత్తు అక్షరములకు మాత్రము అంగడికంటె దివాణముతోడనే పాతచుట్టరికము కలదు.

లోహఫలకముపై గీతలను గుంటలుగా చెక్కి, వానిలో సిరా నింపి, పైపూతను తుడిచివైచి, కాగితమును బలముగా నదిమినచో, గుంటలోని సిరా లేచి కాగితముపై మిట్టయై నిలుచును. 1931లో వెలువడిన నిజాము రాజ్యపు తపాలా బిళ్లలు, అణా బిళ్లపై చార్మినారును, రెండణాల దానిపై హైకోర్టును, నాలుగణాల దానిపై ఉస్మాన్ సాగరును దాల్చినవి, ఇట్లచ్చయినవే. ఫలకములు లండనులోని డి లా ర్యూ వారివి, అచ్చొత్తినది హైదరాబాదు స్టాంపుల ఆఫీసు. అణా ఇచ్చి బిళ్ల కొన్న సామాన్యునకు సైతము సర్కారు వారి దర్జా వ్రేలికి తగులుచుండెననుట అతిశయోక్తి కాదు. దొంగబిళ్లలు చేయువానికిని అదియే చిక్కు.

అయితే నూరో ఇన్నూరో శుభలేఖలు వేయించు గృహస్థు ఫలకము చెక్కించు వ్యయమును భరింపగలడా? 20వ శతాబ్దారంభమున పాశ్చాత్యదేశములలో వాడుకకు వచ్చిన థర్మోగ్రఫీ ఆతని నాదుకొన్నది. ఇందు చెక్కడమే లేదు. ట్రెడిల్ యంత్రము మీదనో ఆఫ్‌సెట్ మీదనో మామూలుగా నచ్చొత్తిన కాగితముపై, సిరా తడియారకమునుపే మెత్తని గుగ్గిలపు పొడి చల్లి, అంటనిదానిని దులిపి, వేడిక్రింద నడపినచో, పొడి కరగి, పొంగి, చల్లారగానే నిగనిగలాడు అక్షరమగును. వేడి చాలనిచో పైభాగము గరుకుగా మిగులును. మించినచో కాగితము వంకరపోవును.

ఆంగ్లపు పెద్దక్షరములకు ఈ పొడి శోభయే గాని, మన గుండ్రని లిపితో దానికి పొత్తు కుదురుట కష్టము: చిన్న అచ్చున ‘లక్ష్మి’ అని వేసినచో లోపలి బోలు పూడి, వత్తు ముద్దయగును, ఉర్దూలోనైతే నుక్తాలు ఒకదాని నొకటి అంటుకొనును. వధూవరుల పేర్లను మాత్రమే పెద్దగా ఉబ్బించి, ముహూర్తమును బంధువుల జాబితాను చదునుగా విడుచుట మేలు.

నేటి మిఠాయి డబ్బాల మూతలపై మెరయు మిట్ట అక్షరములలో పెక్కు ఈ రెండు జాతులవియు కావు. స్క్రీన్ గుండా దట్టముగా దింపి, యూవీ దీపమున గట్టిపరచిన పూతలు. శుభలేఖ కొనువాడు వెనుకవైపు తడిమిన చాలును: ఫలకముతో నదిమినదైనచో గుంట తగులును, పొడితో పొంగినదైనచో నున్నగా నుండును. రెంటికిని ఒకే వెల చెప్పు అంగడివానిని, ఇది అదిమినదా, పొంగినదా అని అడుగవలెను.