రుజువు వెంట నడిచిన సభ్యుడు: బెనెగల్ శివరావు కృషిలో పత్రిక, కార్మికుడు, విదేశాంగం

రాజ్యాంగ వ్యాజ్యాల తీర్పులు చదివేవారికి 'శివరావు, రెండో సంపుటం' అనే ప్రస్తావన తరచూ తగులుతుంది. 1973 నాటి కేశవానంద భారతి తీర్పులోనూ ఆ పేరు కనిపిస్తుంది. రాజ్యాంగ రచన పత్రాలను సంపుటాలుగా కూర్చిన సంపాదకుడిగానే ఆయన న్యాయవాదులకు తెలుసు. అదే మనిషి అంతకు ముందు మద్రాసులో కార్మిక సంఘం పని చేశారు, ఢిల్లీలో పత్రికా విలేకరిగా ఉన్నారు, రాజ్యాంగ సభలోనూ తొలి లోక్‌సభలోనూ కూర్చున్నారు, ఐక్యరాజ్యసమితిలో భారత ప్రతినిధిగా మాట్లాడారు. ఈ విషయం మాత్రం మరుగున పడింది. ఇవి నాలుగు వేర్వేరు ఉద్యోగాలు కావని, అధికారం దాచిన వివరాన్ని రుజువుతో సహా జనం ముందు పెట్టాలన్న ఒకే పట్టుదల వీటన్నిటినీ నడిపిందని ఈ వ్యాసం ప్రతిపాదన.

పత్రిక గడపలో పుట్టిన సంఘం

బెనెగల్ శివరావు 1891 ఫిబ్రవరి 26న మంగళూరులో పుట్టారు. రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు, రిజర్వు బ్యాంకు గవర్నరుగా పనిచేసిన బి. రామారావు ఆయన సోదరులే. వాళ్లిద్దరూ ఐ.సి.ఎస్. దారి పట్టారు. శివరావు మాత్రం మద్రాసులో అనీబిసెంట్ నడిపిన 'న్యూ ఇండియా' పత్రికలో చేరారు.

ఆ పత్రిక మాటకు ఎంత ధర కట్టవలసి వచ్చేదో 1916లోనే తేలిపోయింది. 1910 నాటి ప్రెస్ చట్టం కింద మద్రాసు ప్రభుత్వం రెండు వేల రూపాయల ధరావతు అడిగింది. తర్వాత దాన్ని జప్తు చేసి, ఈసారి పది వేలు కట్టమంది. మరుసటి ఏడు బిసెంట్‌ను, ఆమె సహచరులైన అరండేల్‌ను, బి.పి. వాడియాను నిర్బంధించింది. వార్త రాయడమూ పోరాటమేనని అక్కడ పనిచేసినవారికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేకపోయింది.

1918లో పెరంబూరు బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లుల కార్మికుల గోడు ఆ కార్యాలయానికే చేరింది. కార్మికుల తరఫున సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు వచ్చి వాడియాకు చెప్పింది వేతనాల లెక్క కాదు, తిండి సంగతి. రోజుకు దాదాపు పన్నెండు గంటల పని. మధ్యాహ్నం భోజనానికి అరగంట. ఆ అరగంటలోనే యంత్రం దగ్గర నుంచి బయటికి రావాలి, చేతులు కడుక్కోవాలి, తినాలి, గేటు మూయకముందే లోపలికి పరుగెత్తాలి. 1918 ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్ ఏర్పడింది. అది లేవనెత్తిన తొలి కోర్కెల్లో భోజన విరామం పెంచాలన్నది ఒకటి. శివరావు కార్మిక రంగంలోకి వచ్చింది ఈ సంఘం ద్వారానే.

తర్వాతి ఘట్టం కోర్టులో నడిచింది. మిల్లుల యాజమాన్యమైన బిన్నీ కంపెనీ సంఘం నాయకులపై మద్రాసు హైకోర్టుకెక్కి నిషేధ ఉత్తర్వు తెచ్చుకుంది. కార్మికులను కూడగట్టడమే నష్టపరిహారం కట్టవలసిన తప్పిదమైంది. వాడియా కార్మిక రంగం విడిచిపెట్టాలన్న షరతు మీద వ్యవహారం రాజీకి వచ్చింది. ఈ అన్యాయం చూసి కదిలిన కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి 1921 మార్చిలో కేంద్ర శాసనసభలో కార్మిక సంఘాల రక్షణ చట్టం కోసం తీర్మానం పెట్టారు. దాని ఫలం 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం. కార్మిక వివాదంలో సంఘం చేసే పనికి నేరపూరిత కుట్ర కేసు నుంచి 17వ సెక్షన్, సివిల్ దావా నుంచి 18వ సెక్షన్ రక్షణ కల్పించాయి. సంఘానికి శాసనసభలో గొంతు లేకపోతే వీధిలో గెలిచింది కోర్టులో పోతుందన్న అనుభవం శివరావు తరానికి పెరంబూరులోనే దక్కింది.

లండన్ బల్ల దగ్గర కార్మికుడు

1930 నవంబరులో మొదలైన తొలి రౌండ్ టేబుల్ సమావేశంలో జోషి, శివరావు కార్మిక ప్రతినిధులు. 1931 నాటి రెండో సమావేశంలో వారికి వి.వి. గిరి తోడయ్యారు. బరంపురం తెలుగు కుటుంబంలో పుట్టి, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను నడిపిన గిరికీ శివరావుకూ అప్పటికే స్నేహం ఉంది. 1929లో నాగపూర్ మహాసభలో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ (ఏఐటీయూసీ) చీలినప్పుడు బయటికి వచ్చిన మితవాద పక్షంలో ఇద్దరూ ఉన్నారు. కార్మికుల స్థితిగతులపై ప్రభుత్వం వేసిన విట్లీ కమిషన్‌ను బహిష్కరించాలా, సాక్ష్యం చెప్పాలా అన్నది ఆ చీలికలో ఒక ప్రధాన వివాదం. సాక్ష్యం చెప్పాలన్నది వీరి పక్షం.

ఆ వైఖరిని వామపక్షం లొంగుబాటుగా చూసింది. ఆ విమర్శను తేలిగ్గా తీసేయడానికి లేదు. వలస ప్రభుత్వం వేసిన కమిషన్‌కు హాజరైతే దానికి గౌరవం ఇచ్చినట్టే కదా! అయితే కమిషన్ 1931లో ఇచ్చిన నివేదిక ఆ తర్వాత వచ్చిన కార్మిక చట్టాల్లో చాలావాటికి ఆధారమైంది. కార్మికుడి ఇల్లు, అప్పు, జబ్బు అధికార పత్రాల్లోకి ఎక్కాయి. శివరావు 1939లో లండన్‌లో ప్రచురించిన 'ది ఇండస్ట్రియల్ వర్కర్ ఇన్ ఇండియా' గ్రంథం కూడా ఆ కోవలోదే. నినాదం కంటే నమోదు మీద ఆయనకు నమ్మకం ఎక్కువ.

లండన్‌లో ఆ నమ్మకం గట్టి పరీక్షకు నిలిచింది. ఓటు హక్కు ఉపసంఘం జనాభాలో పది నుంచి ఇరవై ఐదు శాతం మందికే ఓటు ఇవ్వాలని సిఫార్సు చేసింది. ఆస్తికీ చదువుకీ ముడిపెట్టిన ఓటు కూలి మనిషిని గడప బయటే నిలబెడుతుంది. అందుకే వయోజనులందరికీ వెంటనే ఓటు ఇవ్వవచ్చని, ఇవ్వాలని వాదించిన కొద్దిమందిలో జోషి, శివరావు, అంబేద్కర్, ఆర్. శ్రీనివాసన్ ఉన్నారు. కార్మిక ప్రతినిధులూ అణగారిన వర్గాల ప్రతినిధులూ ఒకే మాట మీద నిలిచిన ఈ సందర్భానికి చరిత్ర పుస్తకాల్లో దక్కాల్సినంత చోటు దక్కలేదు.

విలేకరి, రాయబారి

'ది హిందూ'కూ 'మాంచెస్టర్ గార్డియన్'కూ శివరావు ఢిల్లీ విలేకరి. ఒకే సంఘటనను మైలాపూరు పాఠకుడికీ, లాంకషైర్ మిల్లు ఊళ్ల పాఠకుడికీ చెప్పవలసిన పని అది. ఒక చోట అతిశయిస్తే రెండో చోట పట్టుబడిపోతారు.

కానీ ఆయన వార్త రాసి ఊరుకోలేదు. తేజ్ బహదూర్ సప్రూ వంటి మధ్యేవాదులతో కలిసి, వైస్రాయికీ జాతీయ నాయకులకూ మధ్య మాటలు మోశారు. ఇది ఆయన జీవితంలోని అసలు చిక్కుముడి. రాయబారం నడిపేవాడికి తెలిసినదంతా రాసే స్వేచ్ఛ ఉండదు. రాసేవాడిని రాయబారానికి నమ్మడమూ కష్టమే. నేటి పత్రికా నియమాలు దీన్ని ఒప్పుకోవు. స్వాతంత్ర్యానికి ముందు ఢిల్లీలో ఈ రెండు పాత్రల మధ్య గీత పలుచగా ఉండేదన్నది నిజమే. కానీ అది కారణమవుతుందే తప్ప పూర్తి సమాధానం కాదు.

సమితిలో సమాచారం కోసం పోరు

1947 నుంచి కొన్నేళ్లపాటు శివరావు ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభకు వెళ్లిన భారత బృందాల్లో ఉన్నారు. అప్పట్లో స్వపాలన లేని ప్రాంతాల వ్యవహారం అక్కడ వేడిగా సాగేది. సమితి నిబంధనావళిలోని 73(ఇ) ప్రకారం పాలక దేశాలు తమ కింద ఉన్న ప్రాంతాల ఆర్థిక, సామాజిక, విద్యా పరిస్థితులపై గణాంకాలు పంపాలి. 1946లో ఎనిమిది దేశాలు 74 ప్రాంతాల పేర్లు ఇచ్చాయి.

చిక్కంతా ఆ నిబంధన మాటల్లోనే ఉంది. 'సాంకేతిక' సమాచారమే అడిగింది తప్ప రాజకీయ స్థితి గురించి అడగలేదు. బడుల లెక్క వస్తుంది, ఓటు సంగతి రాదు. వలస దేశాలు అంతవరకే ఇస్తామన్నాయి. భారత్ ఇంకా కావాలంది. ఈ ప్రాంతాలను ధర్మకర్తృత్వ వ్యవస్థ కిందికి తేవాలని కోరుతూ 1947లో భారత్ పెట్టిన తీర్మానం కమిటీ స్థాయిలో నెగ్గినా, సర్వప్రతినిధి సభలో ఓట్లు సరిసమానమై వీగిపోయింది. కార్మికుడి బతుకు గురించి యజమాని చెప్పే లెక్క చాలదని మద్రాసులో నేర్చుకున్నవారికి, వలస ప్రజల బతుకు గురించి పాలకుడు చెప్పే లెక్క చాలదని వేరే చెప్పాలా?

తొలి లోక్‌సభ, పత్రికా చట్టాలు

1952లో శివరావు దక్షిణ కెనరా (దక్షిణ) నియోజకవర్గం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఒకనాడు పత్రికా గ్యాలరీ నుంచి చూసిన సభలో ఇప్పుడు సభ్యుడు. పాతపట్నం నుంచి గెలిచిన గిరి అదే సభలో కార్మిక మంత్రి. బ్యాంకు ఉద్యోగుల అవార్డును ప్రభుత్వం మార్చినందుకు గిరి 1954లో రాజీనామా చేశారు.

పత్రికల భవిష్యత్తును ఆ సభే తీర్చిదిద్దింది. జస్టిస్ రాజాధ్యక్ష అధ్యక్షతన తొలి ప్రెస్ కమిషన్ 1954లో నివేదిక ఇచ్చింది. 1955లో వర్కింగ్ జర్నలిస్టుల చట్టం వచ్చింది. మరుసటి ఏడు ఫిరోజ్ గాంధీ పెట్టిన అనధికార బిల్లు చట్టమై, పార్లమెంటు చర్చలను ఉన్నవి ఉన్నట్టు ప్రచురించే పత్రికలకు రక్షణ ఇచ్చింది. ఈ చట్టాలను శివరావు ఖాతాలో వేయడం సరికాదు. కానీ 1955 చట్టం ఆరో సెక్షన్ చూడాలి. నాలుగు వారాల్లో 144 గంటలకు మించి జర్నలిస్టుతో పని చేయించరాదని, భోజన సమయం అందులో కలవదని అది చెప్పింది. పెరంబూరు మిల్లు గేటు దగ్గర మొదలైన వాదన ముప్పై ఏడేళ్లకు వార్త రాసేవారి హక్కుగా శాసనంలోకి వచ్చింది. ఉద్యోగ భద్రత లేని విలేకరి నుంచి నమ్మదగిన వార్త ఆశించలేమన్న సూత్రాన్ని పార్లమెంటు ఇక్కడ అంగీకరించింది. 1958లో సుప్రీంకోర్టు వేతన మండలి నిర్ణయాన్ని కొట్టేసినా చట్టంలోని ప్రధాన భాగాన్ని నిలబెట్టింది.

కమిటీ గదుల తలుపులు

లోక్‌సభ తర్వాత దక్కిన రాజ్యసభ సభ్యత్వం 1960లో ముగిశాక శివరావు చేపట్టిన పని ఆయన కృషిలో అన్నిటికంటే ఎక్కువ కాలం నిలిచింది. రాజ్యాంగ సభ చర్చలు అచ్చయి అందరికీ దొరుకుతున్నాయి. ఉపసంఘాల మినిట్స్, ముసాయిదాలు, సభ్యులు రాసుకున్న వ్యాఖ్యలు మాత్రం బయటికి రాలేదు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ తరఫున సహ సంపాదకులతో కలిసి 1966–68 మధ్య ఆయన 'ది ఫ్రేమింగ్ ఆఫ్ ఇండియాస్ కాన్‌స్టిట్యూషన్'ను నాలుగు పత్ర సంపుటాలుగా, ఒక అధ్యయన సంపుటంగా వెలువరించారు. నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ప్రాథమిక హక్కులపై ఏం వాదించారో, అంబేద్కర్, మున్షీ ముసాయిదాలు ఎక్కడ కలిసి ఎక్కడ విడిపోయాయో ఈ సంపుటాలతోనే సామాన్య పరిశోధకుడికి అందుబాటులోకి వచ్చింది.

శివరావు 1975 డిసెంబరు 15న కన్నుమూశారు. ఆయన కాగితాలు ఢిల్లీలో నెహ్రూ స్మారక గ్రంథాలయంగా పేరుపడ్డ సంస్థలో ఉన్నాయి. వాటిని, అధికార బదిలీకి సంబంధించి బ్రిటిష్ ప్రభుత్వం వెలువరించిన పన్నెండు సంపుటాలను, ఆనాటి 'హిందూ' సంచికలను పక్కపక్కన పెట్టి చదవాల్సి ఉంది. రాయబారిగా తెలిసినదానిలో విలేకరిగా ఎంత రాశారు, ఎంత ఆపుకున్నారు అన్నది అప్పుడే తేదీల వారీగా తేలుతుంది. ఆయన విశ్వసనీయతపై తుది మాట ఆ పరిశీలన తర్వాతే చెప్పాలి.