గ్రహణం: పట్టినదెవరు, పుచ్చుకున్నదెవరు

ఆలేరు వైపు గ్రహణం ‘పడుతుంది’, ‘విడుస్తుంది’. ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి నడుమ రోకలి నిలబెడతారు. తొక్కు జాడీల మీద గరిక వేస్తారు. దగ్గర్లోని యాదగిరిగుట్టలో గుడి తలుపులు మూసి, విడిచినంక సంప్రోక్షణ చేసి తెరుస్తారు. ఈ పట్టడం సంస్కృత ధాతువుకు అచ్చంగా సరిపోయిన తెలుగు. ‘గ్రహ్’ అంటే పట్టుకోవడం, పుచ్చుకోవడం. పంచాంగంలో మాత్రం ‘రాహుగ్రస్త సూర్యగ్రహణం’ అని ఉంటుంది. ఆ గ్రస్తం వేరే ధాతువు, ‘గ్రస్’, మింగడం. పశుగ్రాసం దాని చుట్టమే. ఒకటి చేతి పని, ఇంకొకటి నోటి పని. నా మనసు చేతి పని వైపే. పాణిగ్రహణం అందులోదే, గ్రహీత అందులోవాడే, గ్రహించడమూ అందులోదే. ఇంత మంచి మాటను మొర్రికి అంటగట్టి గర్భిణులను భయపెట్టడం అన్యాయం.

ఈ అర్థాలన్నీ ఒక్కచోట కలిసే తారలున్నాయి. రెండు తారలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ, మన చూపుకు ఒకదానికొకటి అడ్డం వస్తే అవి గ్రహణ జంట తారలు. మనకు కనిపించేది ఒకే చుక్క. దాని వెలుగు తగ్గి పెరిగే తీరే మనకున్న ఆధారం. 2014లో ఖగోళ శాస్త్రజ్ఞుడు పియర్ మాక్స్‌టెడ్ బృందం ‘వాస్ప్’ ఆకాశ సర్వేలో ఇలాంటి 17 జంటలను ఒక తరగతిగా గుర్తించింది. ‘ఈఎల్ కానం వెనాటికోరం’ తార పేరే ఆ తరగతికి పెట్టారు. ప్రతి జంటలో ఒకటి మామూలు పెద్ద తార. రెండోది చిన్నది, కానీ పెద్దదానికన్నా వేడి. సూర్యుడి బరువులో దాదాపు అయిదో వంతు, శ్వేత కుబ్జం కాబోతున్నది. చిన్నది పెద్దదాని వెనక్కి పోయినప్పుడు వెలుగు నూటికి కొద్ది వంతులు తగ్గుతుంది. ఈ వెలుగు మార్పును గీతగా గీసి దగ్గరగా చూస్తే పంచాంగంలోని నాలుగు ఘట్టాలూ కనిపిస్తాయి. స్పర్శ దగ్గర గీత దిగడం మొదలవుతుంది. నిమీలనం దగ్గర అడుగు చేరి, చిన్నది పూర్తిగా దాగి ఉన్నంతసేపూ చదునుగా సాగుతుంది. ఉన్మీలనంతో మళ్లీ ఎక్కుతుంది, మోక్షంతో పాత మట్టానికి వస్తుంది.

ఒంటరి తార ఇంత తేలిక శ్వేత కుబ్జంగా మారాలంటే విశ్వం వయసు చాలదు. కాబట్టి ఈ చిన్నది ఒంటరిగా ఇలా కాలేదు; ఉబ్బుతున్న దశలో దాని పైపొరలను జంట తార పుచ్చుకుంది. మిగిలింది హీలియం గర్భం, దాని మీద పలుచని హైడ్రోజన్ పొర. అంటే ఇప్పుడు దాత గ్రహీత చాటున దాగుతోంది. ఆ గ్రహణం వల్లనే పాత గ్రహణాన్ని గ్రహించగలిగాం. ఇక్కడ రాహువు నోటికి పని లేదు.

ఇలా బరువు ఇచ్చేసే దారిలో ఇంతకు ముందరి మజిలీ అనుకుంటున్న తారను మన దగ్గరే కొలిచారు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు ఉండేది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూసిందీ ఆ చోటినుంచే. ఉస్మానియా శాస్త్రజ్ఞులు రాధాకృష్ణన్, శర్మ, అభ్యంకర్ సిరియస్ ఉన్న రాశిలోనే ఉండే ‘ఆర్ కానిస్ మేజోరిస్’ మీద పనిచేశారు. దానికి దాదాపు 27 గంటలకొకసారి గ్రహణం పడుతుంది. అందులోనూ చిన్న తార తన బరువు చాలావరకు ఇచ్చేసింది. గ్రహణ వేళలు కొన్నేళ్లు ముందుకు, కొన్నేళ్లు వెనక్కి జరుగుతున్నాయని చూసి, కనిపించని మూడో తార ఉందని 1984లో తేల్చారు. దాని లాగుడుకు జంట మొత్తం మనకు దగ్గరవుతూ దూరమవుతూ ఉంటుంది. దూరమైనప్పుడు వెలుగుకు ప్రయాణం ఎక్కువ, గ్రహణం వార్త ఆలస్యంగా అందుతుంది.