ఒకే ఒక్క మైకు

1987 నవంబరు 27. శుక్రవారం. కెనడాలోని టొరంటో నగరం నడిబొడ్డున, ఈటన్ సెంటర్ మాల్ పక్కనే ఉన్న హోలీ ట్రినిటీ చర్చి. గిటారు పెట్టెలు లోపలికొచ్చాయి. ఆంప్లిఫయర్లు వచ్చాయి. వెనకాలే డ్రమ్ములూ వచ్చాయి. తాము 'టిమిన్స్ ఫ్యామిలీ సింగర్స్' అనీ, రేడియోకి క్రిస్మస్ కార్యక్రమం రికార్డు చేసుకుంటామనీ చర్చివాళ్లకు చెప్పారు. టిమిన్స్ కుటుంబం అన్న మాట నిజమే. క్రిస్మస్ మాట మాత్రం అబద్ధం. వాళ్ల బ్యాండు అసలు పేరు కౌబాయ్ జంకీస్. జంకీస్ అంటే మత్తుబానిసలు; ఆ పేరు చెబితే గుమ్మం దాటనిస్తారా?

సౌండ్ ఇంజనీర్ పీటర్ మూర్ ఒక స్టాండు తెచ్చి మధ్యలో నిలబెట్టాడు. దానికి ఒక మైకు బిగించాడు. అంతే. ఇంకో మైకు తియ్యలేదు. అది కాల్‌రెక్ కంపెనీ మైకు. లోపల శబ్దాన్ని పట్టే నాలుగు క్యాప్సూళ్లు, నాలుగూ నాలుగు వైపులకు తిరిగి ఉంటాయి. ఏ శబ్దం ఎటునుంచి వస్తుందో దానికి తెలిసిపోతుంది. అప్పటి స్టూడియోల్లో ఒక్క డ్రమ్ములకే అరడజను మైకులు పెట్టేవాళ్లు. గొంతు విడిగా, గిటారు విడిగా రికార్డు చేసి, తర్వాత తీరిగ్గా కలుపుకొనేవాళ్లు. ఇక్కడ కలుపుకోవడాల్లేవు. మోగింది మోగినట్టు నేరుగా టేపులోకే. ఒక్కరు తడబడినా అందరూ మళ్లీ మొదటికే.

తొలి చిక్కు వెంటనే ఎదురైంది. మార్గో టిమిన్స్ గొంతు మెత్తన. చెవిలో చెప్పినట్టు పాడుతుంది. అన్న మైకేల్ గిటారు, తమ్ముడు పీటర్ డ్రమ్ములు, ఆలన్ ఆంటన్ బేస్ గిటారు ఒక్కసారి మోగితే ఆ గొంతు వినపడదు. ఆమెకు వేరే మైకు పెట్టి రికార్డు చేద్దామా అంటే పద్ధతే మారిపోతుంది. అంతకుముందు ఎవరో వాడి వదిలేసి వెళ్లిన స్పీకరు సెట్టు ఒకటి అక్కడే కనిపించింది. మార్గో పాట అందులోంచి రావాలి, వచ్చి మిగతా వాయిద్యాల్లాగే గాల్లోంచి ఆ ఒక్క మైకును చేరాలి. ఆలోచన బాగానే ఉంది. పని చేస్తుందా?

ఆంప్లిఫయర్‌ను ఓ అడుగు వెనక్కి జరిపి, స్పీకర్ని కొంచెం పక్కకు తిప్పి, డ్రమ్ములు మరీ గట్టిగా ఉన్నాయని తగ్గించి, ఇప్పుడు బేస్ మింగేస్తోందని దాన్ని ఇంకా దూరం పెట్టి, మళ్లీ వాయించి, మళ్లీ విని, మళ్లీ జరిపి, అలా ఆరు గంటలు గడిచాయి. మిక్సింగ్ బోర్డు మీద వేలితో చేసే పని నేలమీద కొలతలతో చేశారు. అయిదు కాకముందే చీకటిపడే కాలమది. టేపు మీద ఇంకా ఒక్క పాట కూడా లేదు.

ఆ చర్చికో కథ ఉంది. 1847లో ప్రారంభమైంది. కట్టడానికి అయిదు వేల పౌండ్లిచ్చిన ఇంగ్లండు మహిళ తన పేరు చెప్పనివ్వలేదు. ఒక్క షరతు పెట్టింది: ఇక్కడ కుర్చీలకు డబ్బు పుచ్చుకోకూడదు, ఎప్పటికీ. ఆ చర్చిలోకి వచ్చిన ఈ బ్యాండువాళ్లు అంతకుముందు, 1986లో, తమ గ్యారేజీలో ఇదే మూర్‌తో, ఇలాగే ఒక్క మైకుతో బ్లూస్ రికార్డు చేశారు. గ్యారేజీ గోడలు శబ్దాన్ని మూసిపెట్టాయి. ఈ ఎత్తైన కప్పు ఏం చేస్తుంది?

కొలత కుదిరేసరికి అతిథి కళాకారులు రావడం మొదలెట్టారు. అకార్డియన్, ఫిడేలు, పెడల్ స్టీలు గిటారు, హార్మోనికా. చాలామందితో ముందు రిహార్సలే లేదు. కొత్త మనిషి కూర్చున్న ప్రతిసారీ సమతూకం మళ్లీ చూసుకోవాలి. అయినా కంట్రీ గాయకుడు హ్యాంక్ విలియమ్స్ పాట కుదిరింది. గాయని పాట్సీ క్లైన్ పేరు చెప్పగానే గుర్తొచ్చే 'వాకిన్ ఆఫ్టర్ మిడ్‌నైట్' కుదిరింది. మంచి హెడ్‌ఫోన్సులో వింటే తెలుస్తుంది: అకార్డియన్ ఒకవైపునుంచి ఊపిరి పీలుస్తుంది, పెడల్ స్టీలు దూరాన్నుంచి జారుకుంటూ వస్తుంది, పాట ఆగాక కూడా గది కాసేపు మోగుతూనే ఉంటుంది. ఎవరూ ఒకరిమీదికొకరు పోరు. పోతే పాట చెడుతుందని అక్కడున్న అందరికీ తెలుసు. జానపద వేళ్లున్న ఇలాంటి పాటలు రికార్డు చెయ్యడానికి ఇది నిజాయితీగల పద్ధతి. కానీ గడియారం ఆగదు.

టైమైపోయింది. సెక్యూరిటీ గార్డు తలుపు దగ్గరికొచ్చాడు. బ్యాండువాళ్లు జేబులు తడుముకుని పాతిక డాలర్లు అతని చేతిలో పెట్టారు. రెండు గంటలు దొరికాయి. అవీ కరిగిపోయాయి. 'మిస్‌గైడెడ్ ఏంజెల్' ఇంకా మిగిలే ఉంది. అది మైకేల్, మార్గో కలిసి రాసుకున్న పాట, సొంత పాట. గార్డు తొందరపెడుతున్నాడు. సామాను సర్దాలి. అందరూ ఇంకోసారి ఆ మైకు చుట్టూ చేరారు. మూర్ టేపు తిప్పాడు.

పాట దక్కింది.

కానీ ఆల్బమ్ అక్కడితో పూర్తి కాలేదు. కొన్నాళ్ల తర్వాత టొరంటో సింఫనీ ఆర్కెస్ట్రా రిహార్సల్ మధ్య భోజన విరామం దొరికింది. మార్గో ఒక్కతే నిలబడింది. గిటారు లేదు, డ్రమ్ములు లేవు, అన్నదమ్ములు లేరు. గని కార్మికుల పాట 'మైనింగ్ ఫర్ గోల్డ్' అందుకుంది. 1988లో ఆర్‌సీఏ సంస్థ 'ద ట్రినిటీ సెషన్' పేరుతో విడుదల చేసినప్పుడు, అన్నిటికన్నా చివర్న రికార్డయిన ఆ పాటనే మొట్టమొదట పెట్టారు.