హోం థియేటర్ రిసీవర్: ఇన్‌పుట్ ఎంపిక, రికార్డర్ అనుసంధానం

సెట్‌టాప్ బాక్స్, డిస్క్ ప్లేయర్, పాత వీసీఆర్ వంటి పరికరాలన్నీ ఏవీ రిసీవర్ వద్ద కలుస్తాయి. ఇన్‌పుట్ మీటతో ఎంచుకున్న పరికరపు దృశ్యం, ధ్వని మాత్రమే తెరకు, స్పీకర్లకు చేరతాయి.

రికార్డర్‌కు రెండు దారులు కావాలి. రిసీవర్ వెనుకనున్న ‘రెక్ అవుట్’ నుంచి రికార్డర్ ఇన్‌పుట్‌కు ఒకటి, రికార్డర్ అవుట్‌పుట్ నుంచి తిరిగి రిసీవర్‌కు మరొకటి. తీగల్లో పసుపు దృశ్యానికి, తెలుపు ఎడమ ధ్వనికి, ఎరుపు కుడి ధ్వనికి.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడి తరువాతే. చాలా రిసీవర్లలో తెరపై ఎంచుకున్న ఇన్‌పుటే రికార్డర్‌కూ వెళుతుంది. పెళ్లినాటి వీడియో క్యాసెట్‌ను డిస్కులోకి ఎక్కిస్తుండగా ఇంట్లో ఎవరైనా వార్తలకు మార్చితే, పెళ్లి అక్కడితో తెగిపోతుంది. సెట్‌టాప్ బాక్స్‌ను పాత తీగలతో కలిపి ఉంటే వార్తలు నమోదవుతాయి. హెచ్‌డీఎంఐ సంకేతం సాధారణంగా రెక్ అవుట్‌కు రాదు కనుక, అలా కలిపి ఉంటే ఏమీ నమోదుకాదు. వాల్యూమ్ తగ్గించినా, పెంచినా నమోదుపై ప్రభావం ఉండదు.

జపాన్ సంస్థ ఫునాయ్ 2016 జులైలో వీసీఆర్ల తయారీని నిలిపివేసింది. పనిచేసే యంత్రం చేతిలో ఉండగానే క్యాసెట్లను మార్చుకోవడం మేలు. కొత్త రిసీవర్లు అనేకం రెక్ అవుట్ లేకుండానే వస్తున్నాయి. అప్పుడు వీసీఆర్‌ను నేరుగా రికార్డర్‌కే కలపాలి.